రెండు కన్నులు, ఒకే చూపు: మెల్లకన్ను లక్షణాలను గుర్తించడం

గడ్చిరోలి జిల్లాలోని ఆష్టి పక్కనుండి వైనగంగ ప్రవహిస్తుంది. కొంత దిగువన వార్ధా నది వచ్చి అందులో కలుస్తుంది. ఆ సంగమం దాటిన తరువాత రెండు నదులకు వేర్వేరు పేర్లు లేవు. సిరొంచ దాకా పారి గోదావరిలో కలిసే ఆ ఒక్క ప్రవాహం పేరు ప్రాణహిత. మనిషి చూపు కూడా ఇటువంటి సంగమమే. కుడికన్ను ఒక చిత్రాన్ని, ఎడమకన్ను దానికి కొద్దిగా భిన్నమైన మరొక చిత్రాన్ని పంపుతాయి. మెదడు ఆ రెంటినీ కలిపి ఒకే దృశ్యంగా మలుస్తుంది. ఆ కలయిక నుండే లోతు తెలుస్తుంది: మెట్టు ఎంత దిగువన ఉన్నదో, సూది రంధ్రం ఎంత దూరంలో ఉన్నదో, ఎదురుగా వచ్చే బండి ఎంత దగ్గరకు వచ్చిందో. దీనినే ద్వినేత్ర దృష్టి అంటారు. రెండు కన్నులు ఒకే గురి మీద నిలవనప్పుడు ఈ కలయిక చెడిపోతుంది. లోకవ్యవహారంలో దానికి మెల్లకన్ను అని పేరు.

ఆష్టి, ఆలాపల్లి, సిరొంచ దారి వెంట ఉన్న ఊళ్ళ నుండి చంద్రపూర్, నాగపూర్ వంటి నగరాలకు పనుల కోసం వచ్చిన తెలుగు కుటుంబాలలో ఈ సంభాషణ అపరిచితమైనది కాదు. రెండేళ్ళ బిడ్డ కన్ను లోపలికి తిరుగుతున్నదని తల్లి గమనిస్తుంది. "అత్తా, పిల్లగాని కన్ను ఒకతీరుగ లేదు, దవాఖానల చూపిద్దామా?" అని అడుగుతుంది. "మెల్లకన్ను అదృష్టం బిడ్డా! పెద్దగయితే అదే సక్కగయితది" అని అత్త ధైర్యం చెబుతుంది. ఆ మాట వెనుక ప్రేమయే ఉన్నది. పెద్దయ్యాక సర్దుకున్నట్లు కనిపించే పిల్లలు కొందరు నిజంగానే ఉంటారు కనుక ఆ నమ్మకానికి కొంత ఆధారమూ ఉన్నది. అయితే చూపు సర్దుకోవడం వేరు, చూడటానికి కన్ను వంకర తెలియకపోవడం వేరు.

పుట్టిన శిశువుకు కన్నులను కలిపి నడిపే నేర్పు పూర్తిగా రాదు. ఒక్కొక్క కంటిని ఆరేసి కండరాలు కదిలిస్తాయి. రెండు కన్నులకు కలిపి పన్నెండు. ఈ పన్నెండూ పొందికగా పనిచేయడానికి కొన్ని నెలలు పడుతుంది. కాబట్టి మొదటి రెండు మూడు నెలలలో శిశువు కన్ను అప్పుడప్పుడు క్షణకాలం పక్కకు పోవడం చూసి కలవరపడనక్కరలేదు. నాలుగు నెలలు నిండిన తరువాత కూడా కన్ను తిరుగుతూ ఉంటే, లేదా ఏ వయసులోనైనా ఎప్పుడూ తిరిగే ఉంటే నేత్రవైద్యునికి చూపించాలి.

ఆలస్యం ఎందుకు పనికిరాదో తెలియాలంటే మెదడు చేసే ఒక పనిని తెలుసుకోవాలి. పెద్దవారికి కన్ను పక్కకు తిరిగితే ఒకటి రెండుగా కనిపిస్తుంది. చిన్నపిల్లలు అలా ఫిర్యాదు చేయరు. వారి మెదడు చాలా సులువుగా మలుపు తిరుగుతుంది కనుక, వంకర తిరిగిన కంటి నుండి వచ్చే చిత్రాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. రెండు బొమ్మల బాధ తప్పుతుంది. కాని వాడుకలో లేని ఆ కంటికి చూపు నేర్చుకునే అవకాశమూ తప్పుతుంది. కంటిగుడ్డులో ఏ దోషమూ కనిపించకపోయినా ఆ కంటి చూపు తగ్గిపోతుంది. దీనిని మందదృష్టి అంటారు. మరాఠీలో 'ఆళ్శీ డోళా', అంటే సోమరి కన్ను. ఈ పేరు అంత న్యాయమైనది కాదు. కన్ను సోమరిగా లేదు. మెదడే దానికి పని ఇవ్వడం లేదు. డేవిడ్ హ్యూబెల్, టార్స్టెన్ వీసెల్ అనే శాస్త్రవేత్తలు 1960 దశకంలో పిల్లికూనల మీద ప్రయోగాలు చేసి, చిన్నతనంలో ఒక కన్ను మూసి ఉంచితే మెదడులో ఆ కంటికి చెందవలసిన చోటును రెండవ కన్ను ఆక్రమిస్తుందని నిరూపించారు. 1981లో వారికి నోబెల్ బహుమతి లభించింది. పిల్లలలో నూటికి ఇద్దరు ముగ్గురికి మందదృష్టి ఉంటుందని అంచనా. మొదటి ఏడెనిమిది సంవత్సరాలలో చికిత్స బాగా ఫలిస్తుంది. తరువాత క్రమంగా కష్టమవుతుంది.

ఇంట గమనించదగిన గుర్తులు

అందరికీ తెలిసిన గుర్తు కన్ను లోపలికో బయటికో తిరగడం. కొందరిలో పైకి, కొందరిలో కిందికి. అది ఎప్పుడూ ఉండాలని లేదు. బిడ్డ అలసినప్పుడు, నిద్ర వచ్చినప్పుడు, జ్వరంలో, ఏదో ఆలోచిస్తూ దూరంగా చూస్తున్నప్పుడు మాత్రమే కన్ను బయటికి జారే రకం ఒకటి ఉన్నది. వైద్యుని ముందు బిడ్డ చురుకుగా ఉండటంతో కన్నులు నిటారుగా నిలుస్తాయి. తల్లి మాటను ఎవరూ నమ్మరు. ఈ రకం పిల్లలలో మరొక విచిత్రమైన అలవాటు కనిపిస్తుంది: ఎండలోకి రాగానే ఒక కన్ను మూసుకుంటారు. మన ప్రాంతపు ఎండకు అందరూ కన్నులు చిట్లిస్తారు కదా అనిపించవచ్చు. అందరూ రెండు కన్నులనూ చిట్లిస్తారు. ఈ పిల్లలు ప్రతిసారీ అదే ఒక్క కంటిని మూస్తారు. ఆ తేడాను పట్టుకోవాలి.

రెండవ గుర్తు కంటిలో కాక మెడలో కనిపిస్తుంది. ఒక కంటి కండరం బలహీనమైనప్పుడు, రెండు చిత్రాలను కలుపుకోవడానికి బిడ్డ తలను ఒక భుజం వైపు వంచి, లేదా ముఖాన్ని పక్కకు తిప్పి చూస్తుంది. ఇంటివారు దానిని మెడనొప్పి అనుకుంటారు, లేదా ముద్దుగా నిలబడే తీరు అనుకుని మురిసిపోతారు. పాత ఫోటోలను వరుసగా పెట్టి చూస్తే, పుట్టినరోజు ఫోటో నుండి బడి ఫోటో దాకా తల ఒకే వైపు వంగి ఉండటం తెలుస్తుంది. అటువంటి బిడ్డ మెడను నిటారుగా పెట్టమని గద్దించడం వ్యర్థం. ఆ వంపే దానికి చూపును నిలుపుతున్నది. మెడకు కట్లు కట్టించే ముందు కన్నును పరీక్ష చేయించాలి.

మూడవది, రెండు కన్నులలో ఒకదానినే మూసి చూడటం. ఆటలా చేతితో బిడ్డ ఎడమకన్ను కప్పాలి, తరువాత కుడికన్ను కప్పాలి. ఒక కన్ను కప్పినప్పుడు ఊరకున్న బిడ్డ, రెండవ కన్ను కప్పగానే ఏడ్చి చేయి నెట్టివేస్తే, ఆ కప్పిన కంటితోనే బిడ్డ లోకాన్ని చూస్తున్నదని, తెరిచి ఉన్న కన్నుకు చూపు తక్కువై ఉండవచ్చునని అర్థం. మందదృష్టి ఉన్న పిల్లలలో చాలామందికి కన్ను బయటికి వంకరగా కనిపించదు. ఒక కంటికి మాత్రమే అద్దాల అవసరం ఎక్కువగా ఉన్నప్పుడు కూడా ఇదే జరుగుతుంది. ఆ బిడ్డ రెండు కన్నులతో బల్ల మీది అక్షరాలు చక్కగా చదువుతుంది, పరుగెడుతుంది. ఎవరికీ అనుమానం రాదు. నిజం చెప్పాలంటే, చూడటానికి వంకరగా ఉన్న కన్ను కంటే ఈ కనిపించని లోపమే ఎక్కువ మోసకరమైనది.

నాలుగవ గుర్తును కంటిలో పడిన వెలుగు చెబుతుంది. బిడ్డకు ఒక అడుగున్నర దూరంలో చిన్న టార్చి పట్టుకుని, బిడ్డను ఆ వెలుగు వైపు చూడమనాలి. రెండు నల్లగుడ్ల మీద రెండు మెరుపు చుక్కలు కనిపిస్తాయి. అవి రెండూ కంటిపాపల నడుమ ఒకే చోట ఉంటే కన్నులు సమంగా ఉన్నాయన్నమాట. ఒక చుక్క నడుమ, మరొకటి పక్కన ఉంటే కన్ను తిరిగినట్లు. పంతొమ్మిదవ శతాబ్దంలో జర్మనీకి చెందిన జూలియస్ హిర్ష్‌బర్గ్ అనే వైద్యుడు చెప్పిన ఈ సులువైన పరీక్ష ఈనాటికీ వైద్యుల వాడుకలో ఉన్నది. ముక్కు మొదలు వెడల్పుగా ఉండి, లోపలి మూలలో చర్మపు మడత ఉన్న శిశువులలో తెల్లగుడ్డు లోపలి వైపు తక్కువగా కనిపించి మెల్లకన్ను అనే భ్రమ కలుగుతుంది. చుక్కలు సమంగా ఉంటే అది భ్రమయే. అయితే ఆ తీర్పును ఇంట్లో ఇవ్వకుండా వైద్యునికి విడిచిపెట్టడం మేలు; భ్రమతో పాటు నిజమైన మెల్ల కూడా ఉన్న పిల్లలు ఉంటారు.

ఆసుపత్రిలో వైద్యుడు చేసే కప్పి చూసే పరీక్ష ఇంకొక మెట్టు. బిడ్డను ఒక బొమ్మ వైపు చూడమని, నిటారుగా కనిపించే కంటిని కప్పుతారు. అప్పుడు రెండవ కన్ను చటుక్కున కదిలి బొమ్మను పట్టుకుంటే, అంతవరకు అది వేరే దిక్కుకు చూస్తున్నదని తేలుతుంది. లోపలి నుండి బయటికి కదిలితే కన్ను లోపలికి తిరిగి ఉండినది. బయటి నుండి లోపలికి కదిలితే బయటికి తిరిగి ఉండినది. తల్లిదండ్రులు పక్కన నిలబడి చూస్తే ఈ కదలిక వారికీ కనిపిస్తుంది. నమ్మకం కుదరని అత్తగారిని కూడా వెంట తీసుకువెళ్ళడం మంచిది.

తెల్లగా మెరిసే పాప

ఈ పాఠంలో తొందరపాటు తగిన విషయాలు కొన్ని ఉన్నాయి. మొదటిది ఇది. రాత్రి ఫ్లాష్‌తో తీసిన ఫోటోలో పిల్లల పాపలు ఎర్రగా కనిపించడం మామూలే. ఒక పాప ఎర్రగా, మరొకటి తెల్లగానో పసుపుగానో మెరిస్తే, ఇంకొక ఫోటో తీసి చూద్దామని రోజులు గడపకూడదు. కెమెరా కోణం వలన కూడా ఒక్కొక్కసారి అలా పడవచ్చు. కాని అది పుట్టుకతో వచ్చిన శుక్లం కావచ్చు. రెటీనాలో పుట్టే రెటినోబ్లాస్టోమా అనే కాన్సర్ కూడా కావచ్చు. అయిదేళ్ళ లోపు పిల్లలకు ఎక్కువగా వచ్చే ఈ వ్యాధికి తెల్లపాప మొదటి గుర్తయితే, మెల్లకన్ను దాని తరువాత తరచుగా కనిపించే గుర్తు. త్వరగా గుర్తిస్తే ప్రాణం దక్కుతుంది, తరచు కన్ను కూడా దక్కుతుంది. ఏ బిడ్డకు మెల్లకన్ను వచ్చినా వైద్యులు పాపలో చుక్కల మందు వేసి కంటి లోపలి పొరను పరీక్షించడానికి కారణం ఇదే.

ఆ చుక్కల మందును చూసి భయపడే తల్లిదండ్రులు అనేకులు. మందు వేసిన తరువాత పాప పెద్దదై, దగ్గరి వస్తువులు మసకగా కనిపిస్తాయి, వెలుగు గుచ్చుకుంటుంది. మందును బట్టి ఒక రోజుకో, కొన్ని రోజులకో అది తగ్గిపోతుంది. కొన్ని ఆసుపత్రులలో ముందుగా ఇంటి వద్దనే మూడు రోజులు అట్రోపిన్ మందు వేసి రమ్మంటారు. ముఖం ఎర్రబడి జ్వరం వస్తే మందు ఆపి వైద్యునికి తెలపాలి. రోజుకూలి మీద బతికే కుటుంబానికి రెండు సార్లు ఆసుపత్రికి వెళ్ళడమంటే రెండు రోజుల కూలి పోవడమే. అయినా ఈ పరీక్షను కళ్ళద్దాల దుకాణంలో కంప్యూటరు చూపించే అంకెతో సరిపెట్టుకోరాదు. చిన్నపిల్లల కన్ను దగ్గరి చూపు కోసం తనంతట తానే బిగుసుకుని అసలు లోపాన్ని దాచివేస్తుంది. మందుతోనే ఆ బిగువు సడలుతుంది.

ఆ దాగిన లోపం బయటపడటం వలన కలిగే మేలు చిన్నది కాదు. రెండు మూడేళ్ళ వయసులో కన్ను లోపలికి తిరగడం మొదలైన పిల్లలలో అనేకులకు ప్లస్ అద్దాల అవసరమే అసలు కారణం. సరైన అద్దాలు పెట్టగానే కన్ను నిటారవుతుంది. తీయగానే మళ్ళీ తిరుగుతుంది. అద్దాలు పెట్టిన తరువాత కూడా తీసినప్పుడు మెల్ల కనిపిస్తున్నదని కొందరు నిరాశపడి అద్దాలను మూలన పడవేస్తారు. అది అద్దాల వైఫల్యం కాదు, అద్దాలు పనిచేస్తున్నాయనడానికి నిదర్శనం.

మందదృష్టికి చికిత్స బాగా కనిపించే కంటిని రోజూ కొన్ని గంటలు కప్పి, బలహీనమైన కంటికి పని చెప్పడం. 2003లో వెలువడిన అమెరికా పరిశోధనలలో, మధ్యస్థమైన మందదృష్టికి రోజుకు రెండు గంటలు కప్పడం ఆరు గంటలతో సమానంగా పనిచేసింది. తీవ్రమైన దానికి ఆరు గంటలు రోజంతా కప్పడంతో సమానంగా పనిచేశాయి. ఏడేళ్ళు దాటితే ప్రయోజనమే లేదన్న పాత అభిప్రాయాన్ని 2005 నాటి పరిశోధన సడలించింది. పన్నెండేళ్ళ వరకు, మునుపు చికిత్స పొందనివారిలో కొందరికి పదిహేడేళ్ళ వరకు కూడా మెరుగుదల కనిపించింది. ఎన్ని గంటలన్నది వైద్యుడే నిర్ణయించాలి. ఇష్టం వచ్చినంత సేపు కప్పితే బాగున్న కన్ను చూపు తగ్గవచ్చు. బడిలో తోటిపిల్లల వెక్కిరింత భయం ఉంటే, కప్పే వేళను బడి వదిలిన తరువాతకు మార్చమని అడగవచ్చు. అద్దాలతో సరికాని మెల్లకు కండరాల శస్త్రచికిత్స ఉన్నది. అందులో కన్నును బయటికి తీయరు. ఈ ఒక్క మాట చెప్పినందుకే చికిత్సకు ఒప్పుకున్న కుటుంబాలు ఉంటాయి. పెద్దవారికీ శస్త్రచికిత్స చేస్తారు. పోయిన చూపు దానితో రాకపోవచ్చు గాని కన్నులు సమమవుతాయి. పెళ్ళిచూపుల ముందు మాత్రమే ఆడపిల్ల మెల్లకన్ను గుర్తుకు రావడం మన ఇళ్ళలోని విచారకరమైన అలవాటు.

పెద్దవారికి ఒకటి రెండుగా కనిపిస్తే

పెద్దవారికి హఠాత్తుగా ఒక వస్తువు రెండుగా కనిపించసాగితే మొదట చేయవలసింది ఒక కన్ను మూసి చూడటం, తరువాత రెండవది మూసి చూడటం. ఏ కన్ను మూసినా రెండవ బొమ్మ మాయమైతే కన్నుల పొందిక చెడినది. ఒక్క కంటితో చూసినా రెండుగానే కనిపిస్తే, శుక్లం వంటి ఆ కంటి లోపమే కారణం కావచ్చు. మధుమేహం, రక్తపోటు ఉన్నవారిలో కన్నును బయటికి తిప్పే నరం బలహీనమై దూరపు వస్తువులు పక్కపక్కన రెండుగా కనిపించడం తరచు జరుగుతుంది. చాలామందిలో అది మూడు నెలల లోపల తగ్గుతుంది. అయినా పరీక్ష తప్పదు. రెప్ప వాలిపోయి, ఒక పాప రెండవదాని కంటే పెద్దదై, తీవ్రమైన తలనొప్పి ఉంటే అది మెదడులో రక్తనాళం ఉబ్బినందువలన కావచ్చు. మాట తడబడటం, మూతి వంకర పోవడం, చేయి పడిపోవడం తోడైతే పక్షవాతం. ఇటువంటప్పుడు మరునాటి దాకా ఆగకుండా 108కు ఫోను చేయాలి.

సెలవులకు సొంత ఊరికి వెళ్ళేవారు ఇంకొక సంగతిని గుర్తుంచుకోవాలి. అడవి అంచున ఉన్న ఊళ్ళలో రాత్రి నేల మీద పడుకున్నవారిని కట్లపాము కాటు వేస్తుంది. మరాఠీలో దీనిని మణ్యార్ అంటారు. చాలాసార్లు నొప్పి ఉండదు, గాటు కూడా సరిగా కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేచిన మనిషికి రెప్పలు బరువెక్కి వాలిపోతాయి, ఒకటి రెండుగా కనిపిస్తుంది, మింగడం కష్టమవుతుంది. నిద్రమత్తు అనుకుని పడుకోబెడితే శ్వాస కండరాలు కూడా పట్టుతప్పుతాయి. మంత్రగాని వద్ద గంటలు పోగొట్టకుండా పాము విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఆష్టిలోను, సిరొంచలోను గ్రామీణ ఆసుపత్రులు, అహేరిలో ఉపజిల్లా ఆసుపత్రి ఉన్నాయి.

కుట్టుపని, జరీపని, రోజంతా ఫోను చూడటం వలన బాధపడేవారి సంగతి ఇంత ప్రమాదకరమైనది కాదు. దగ్గరి వస్తువు మీద రెండు కన్నులనూ లోపలికి కలిపి నిలపలేకపోతే తలనొప్పి, అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడటం, చదివిన వరుసనే మళ్ళీ చదవడం కనిపిస్తాయి. పెన్సిలు మొనను మెల్లగా ముక్కు వైపు తెచ్చినప్పుడు పది సెంటీమీటర్ల కంటే దూరంలోనే అది రెండుగా చీలుతూ ఉంటే పరీక్ష చేయించాలి. అభ్యాసాలతో మేలు కలుగుతుంది.

ఎక్కడికి వెళ్ళాలి, ఏమని చెప్పాలి

2013 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండు సార్లు, ప్రభుత్వ, ప్రభుత్వ సహాయక పాఠశాలలకు ఒకసారి వచ్చి పిల్లలను పరీక్షిస్తాయి. దృష్టి లోపం, పుట్టుకతో వచ్చే శుక్లం వారి జాబితాలో ఉన్నాయి; అక్కడ గుర్తించిన లోపాలకు పై ఆసుపత్రిలో చికిత్స ఉచితం. మిర్చి కోతలకో, ఇటుక బట్టీలకో తల్లిదండ్రుల వెంట వెళ్ళిన పిల్లలు ఆ రోజు బడిలో ఉండరు. ప్రైవేటు బడి పిల్లల వద్దకు బృందం సాధారణంగా రాదు. అటువంటి కుటుంబాలు దగ్గరి అంగన్‌వాడీలో గాని, ఆశా కార్యకర్తను గాని అడిగి తెలుసుకోవాలి. కాళేశ్వరం వంతెన దాటి బంధువుల ఊళ్ళకు రాకపోకలు ఉన్నవారు తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు శిబిరాల గురించి విని ఉంటారు. అవి ప్రధానంగా అద్దాల అవసరాన్ని, శుక్లాన్ని గుర్తించడానికి ఏర్పడినవి. మెల్లకన్ను ఉన్న బిడ్డకు పిల్లల నేత్రవైద్యుడు కావాలి. హైదరాబాదులో 1987లో గుళ్ళపల్లి నాగేశ్వరరావు నెలకొల్పిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో, సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రిలో ఆ వైద్యం లభిస్తుంది. ఎల్.వి. ప్రసాద్ సంస్థ గ్రామీణ కేంద్రాలలో మొదటిది 1996లో నాటి ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌లో వెలసింది. నగరంలోనే ఉన్నవారు అంత దూరం పోనక్కరలేదు. ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలోని నేత్రరోగ విభాగం నుండి మొదలు పెట్టవచ్చు.

చీటీ రాసే కిటికీ వద్ద మాట తెలియక వెనుదిరగవద్దు. మెల్లకన్నును మరాఠీలో 'తిరళేపణా' అని, హిందీలో 'భేంగాపన్' అని అంటారు. ఒకటి రెండుగా కనిపిస్తున్నదని చెప్పడానికి మరాఠీలో 'ఏకాచ్యా జాగీ దోన్ దిసతాత్', హిందీలో 'ఏక్ కే దో దిఖ్తే హై' అంటే చాలు. బిడ్డ కన్ను ఎప్పటి నుండి తిరుగుతున్నది, ఎప్పుడూ తిరుగుతుందా అప్పుడప్పుడా, నెలలు నిండకుండా పుట్టిందా, ఇంట్లో ఇంకెవరికైనా మెల్లకన్ను ఉన్నదా అని వైద్యుడు అడుగుతాడు. ఒక బిడ్డకు ఉంటే తోబుట్టువులకు కూడా పరీక్ష అవసరం కనుక వారినీ వెంట తీసుకువెళ్ళాలి. కన్ను తిరిగిన క్షణంలో ఫోనుతో తీసిన ఫోటో గాని చిన్న వీడియో గాని ఉంటే చూపించాలి. పాత అద్దాల చీటీ, పాత అద్దాలు, అంగన్‌వాడీలో ఇచ్చిన కార్డు సంచిలో వేసుకోవాలి.